ఫిరంగికి అందని ఊరు

బోస్టన్ నుంచి పడమరగా అరవై ఐదు కిలోమీటర్లు వెళితే వూస్టర్ వస్తుంది. ఆష్‌లాండ్‌లోని లక్ష్మీదేవి గుడికి వచ్చే తెలుగువాళ్లకు అక్కణ్నుంచి మరో అరగంట కారు ప్రయాణం. రెండు లక్షల పైచిలుకు జనాభాతో న్యూ ఇంగ్లండ్‌లో బోస్టన్ తర్వాత పెద్ద నగరం ఇదే. పైపైన చూస్తే, మిల్లుల వైభవం గడిచిపోయిన పాత పారిశ్రామిక పట్టణం. కానీ సాలిస్‌బరీ వీధిలో గుమ్మటం ఉన్న ఓ ఇటుక భవనం ఉంది. అమెరికాలో అచ్చు మొదలైనప్పటి నుంచి 1820 దాకా వెలువడ్డవాటిలో, మనకు తెలిసినంత వరకు, మూడింట రెండు వంతులు ఆ కప్పు కిందే ఉన్నాయని అంచనా. అంత సొత్తు ఈ ఊరికి ఎలా చేరిందో తెలియాలంటే ఐజాయా థామస్ కథ తెలియాలి. ఇక్కడికి సముద్రం ఎంత దూరమన్న లెక్క కూడా అందులో ఉంది.

థామస్ 1749లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఏడేళ్లయినా సరిగా నిండకుండానే జెకరయా ఫౌల్ అనే ముద్రాపకుడి దగ్గర పనికి కుదిర్చారు. మొదట అప్పగించిన పని వీధుల్లో అమ్మే ఓ పాటను కంపోజ్ చేయడం. అక్షరాల గళ్లు అందక బల్లెక్కి నిలబడ్డాడు. అక్షరాలు గుర్తుపట్టడమే తప్ప కూడబలుక్కుని చదవడం కూడా రాదు. ఎదురుగా ఉన్న కాగితంలో గీత ఎలా ఉందో చూసుకోవడం, దానికి సరిపోయే సీసపు ముక్కను గళ్లలో వెతకడం, స్టిక్‌లో పేర్చడం. అలా రెండు రోజులు పట్టింది. బడి చదువు లేదనే చెప్పాలి. చదవడం, రాయడం, తప్పులు దిద్దడం అన్నీ ఆ గళ్ల దగ్గరే ఒంటబట్టాయి.

అతను పని నేర్చిన చెక్క ప్రెస్సు లండన్‌లో తయారైంది. దాని మీద పనికి ఇద్దరు కావాలి. ఒకడు ఉన్ని కూరిన తోలు బంతులతో అక్షరాలకు సిరా అద్దుతాడు. ఆ సిరా దీపపు మసి, మరిగించిన అవిసె నూనె కలిపి చేసింది. రెండోవాడు చెమ్మగా తడిపిన కాగితం పరిచి, పలకను లోపలికి తోసి, పిడి పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాలి. పెద్ద కాగితమైతే ఒక్క లాగుడు చాలదు, రెండుసార్లు లాగాలి. చేయి తిరిగిన జంట గంటకు 200 పైన కాగితాలు తీసేది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పేరుపడ్డ ఆ ప్రెస్సు ఇవాళ్టికీ సాలిస్‌బరీ వీధి భవనంలో ఉంది.

1770లో బోస్టన్‌లో థామస్ ‘మసాచుసెట్స్ స్పై’ పత్రిక మొదలుపెట్టాడు. అన్ని పక్షాలకూ చోటిస్తానన్నాడు. ఆ మాట ఎక్కువకాలం నిలవలేదు. బ్రిటిష్ రాజు పక్షంవాళ్లు తప్పుకున్నారు, పత్రిక పూర్తిగా రాజును ఎదిరించేవాళ్లదైపోయింది. 1771లో గవర్నర్ హచిన్సన్‌ను దుమ్మెత్తిపోసిన వ్యాసం వేస్తే కౌన్సిల్ నుంచి కబురొచ్చింది. పనిలో తీరిక లేదన్నాడు. మళ్లీ కబురు, మళ్లీ అదే జవాబు. మూడోసారీ కదల్లేదు. చివరికి కేసు పెట్టబోతే గ్రాండ్ జూరీ అభియోగం మోపడానికి ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇది మామూలు తెగింపు కాదు. 1774లో పత్రిక నుదుటిన పాల్ రివియర్ చెక్కిన బొమ్మ ఎక్కింది: వలస రాష్ట్రాలకు గుర్తుగా ముక్కలైన పాము, బ్రిటన్‌కు గుర్తుగా ఉన్న ఓ డ్రాగన్‌కు ఎదురు నిలుస్తుంటుంది.

బ్రిటిష్ సైనికులు బోస్టన్ నిండా మోహరించాక ప్రెస్సు దక్కదని అర్థమైంది. 1775 ఏప్రిల్ 16 రాత్రి దాన్ని విప్పి, అక్షరాల పెట్టెలతో సహా చార్లెస్ నది దాటించి వూస్టర్ దారి పట్టించారు. జోసెఫ్ వారెన్, వూస్టర్‌కు చెందిన తిమోతీ బిగెలో చేయందించారు. మూడు రోజులకే లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి, స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. ప్రెస్సును బిగెలో ఇంటి నేలమాళిగలో బిగించి, మే 3న ఆ పోరాట కథనంతో పత్రిక తెచ్చాడు. ఆ ఊళ్లో అచ్చయిన మొదటి కాగితం అదే. మరుసటి ఏడు జులై 14న, ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు వెళుతున్న స్వాతంత్ర్య ప్రకటన ప్రతి దారిలో చిక్కితే, చర్చి వరండాలో నిలబడి జనానికి చదివి వినిపించింది కూడా థామసే.

యుద్ధం ముగిశాక మంచి వ్యాపారస్థుడయ్యాడు. పంచాంగాలు, బైబిళ్లు, నిఘంటువులు, సొంత కాగితపు మిల్లు, ఊరూరా పుస్తకాల కొట్లు. లండన్ ప్రచురణకర్త న్యూబరీ పిల్లల పుస్తకాలను అడగా పెట్టకుండా అచ్చేసుకున్నాడు; విదేశీ పుస్తకాలకు కాపీరైటు రక్షణ లేని రోజులవి, అందరూ చేసిందే. ప్రకటనల మీద రాష్ట్రం పన్ను వేస్తే మాత్రం ఒళ్లు మండి 1786లో పత్రికను ఆపేశాడు. పన్ను పోయేదాకా, 1788 వరకు, దాని స్థానంలో మ్యాగజైన్ నడిపాడు. సామ్రాజ్యంతో పోరాడినవాడు సొంత రాష్ట్రాన్నీ వదల్లేదు.

1802లో వ్యాపారం కొడుక్కి అప్పగించి, పాత పత్రికల వేటలో పడ్డాడు. అమెరికాలో ముద్రణ చరిత్ర రెండు సంపుటాలుగా 1810లో వచ్చింది. ఊరూరా ఎవరు ప్రెస్సు పెట్టారు, ఏ పత్రిక ఎన్నాళ్లు నడిచింది, ఎవరు నిలదొక్కుకున్నారు, ఎవరు దివాలా తీశారు అన్నీ రాశాడు. తన యజమాని ఫౌల్ పనిలో అశ్రద్ధ మనిషన్న సంగతీ మొహమాటపడకుండా చెప్పాడు. పండిత చరిత్రకారుడు రాజుల వెంట పడితే ఈయన తోటి పనివాళ్ల వెంట పడ్డాడు. ఆ పుస్తకం ఇప్పటికీ చదివించేది అందుకే.

ఆ సేకరణే 1812లో అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ అయింది; సాలిస్‌బరీ వీధి భవనం ఇప్పుడు దానిదే. అప్పుడు మళ్లీ బ్రిటన్‌తో యుద్ధం. రేవు పట్టణంలో పెడితే శత్రువుల ఓడల నుంచి ప్రమాదం, పెద్ద ఊళ్లో పెడితే అగ్నిప్రమాదాల భయం. లోతట్టున ఉన్న వూస్టరే క్షేమమని స్థాపకులు తేల్చారు. ప్రెస్సును కాపాడిన దూరమే పుస్తకాలనూ కాపాడింది. థామస్ వేల పుస్తకాలిచ్చాడు, 1820లో సొంత ఖర్చుతో దానికి మొదటి భవనం కట్టించాడు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది వేరు. 1813లో బోస్టన్‌లో ఓ పాటల వ్యాపారి దగ్గర మూడు వందలకు పైగా వీధి పాటల కరపత్రాలు కొని, మూడు సంపుటాలుగా బైండు చేయించి సొసైటీకిచ్చాడు. ఈ కాలంలో మామూలు జనం ఏం ఇష్టపడుతున్నారో తర్వాతివాళ్లకు తెలియాలని అందులో రాసిపెట్టాడు. మరునాడు పొట్లాలు కట్టే కాగితాన్ని చరిత్రగా చూడగలిగినవాళ్లు అప్పట్లో ఎందరుంటారు?

1831లో చనిపోయేదాకా సొసైటీ అధ్యక్షుడు ఆయనే. పత్రిక మాత్రం 1904 దాకా నడిచింది. ముద్రణ చరిత్రను దిద్ది మళ్లీ వేయాలని ఆయనకున్న కోరిక సొసైటీ ద్వారా 1874లో తీరింది. ఆ కూర్పులో తాత జీవితకథ రాసిన మనవడి పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్ థామస్. ఫ్రాంక్లిన్ కూడా ముద్రాపకుడే కదా, ముద్రాపకుల ఇంట పిల్లాడికి ఇంకేం పేరు పెడతారు!