గొట్టము సాగును – పంపును కాపాడుకొనుడు

ఆమడగూరు ప్రాంతమున వర్షము స్వల్పము. త్రాగునీటికి బోరుబావులే ముఖ్యాధారము. వేసవిలో పంపు ఒక్క దినము ఆగినను స్త్రీలు బిందెలతో పొలములలోని బోరుల వెంట తిరుగవలసి వచ్చును. విద్యుత్తు హెచ్చుతగ్గుల వలనను, నీటిమట్టము పడిపోవుట వలనను పంపులు చెడునని ఎల్లరెరుగుదురు. అంతగా తెలియని కారణము వేరొకటి కలదు. పంపునకు బిగించిన గొట్టము ఎండకు సాగుటయే అది.

పూర్వము కమ్మరి బండిచక్రమునకు ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, నీరు పోసి చల్లార్చెడివాడు. వేడికి సాగిన పట్టా చల్లారి కుదించుకొని చక్రమును బిగించెడిది. నీటిగొట్టములందు జరుగునదియు ఇదియే.

ఒక మీటరు ఇనుప గొట్టము ఒక డిగ్రీ వేడికి మిల్లీమీటరులో నూరవ వంతుకు కొంచెము ఎక్కువగా సాగును. పి.వి.సి. గొట్టము అంతకు 5, 6 రెట్లు సాగును. ఎండలో పడియున్న గొట్టము గాలికంటె మిక్కిలి వేడెక్కును. రాత్రికిని మిట్టమధ్యాహ్నమునకును 40 డిగ్రీల తేడా వచ్చినచో, 30 మీటర్ల ఇనుప గొట్టము 14 మిల్లీమీటర్లు, పి.వి.సి. గొట్టము సుమారు 80 మిల్లీమీటర్లు సాగును. పంపు నడచినంతనే చల్లని బోరునీరు పారి గొట్టము మరల కుదించుకొనును. ఇది ప్రతిదినము జరుగును.

రెండంగుళముల ఇనుప గొట్టమును రెండు కొనల కదలకుండ బిగించి 40 డిగ్రీలు వేడిచేసినచో, లెక్క ప్రకారము అది 6 టన్నుల బలముతో నెట్టును. గొట్టము కొంత వంగుటచే ఆ బలమంతయు పంపుపై పడదు. కాని అందు స్వల్పభాగమే పంపునకు చేటు తెచ్చును. పంపు షాఫ్టు మోటారు షాఫ్టుతో వరుస తప్పును, బేరింగులు వేడెక్కును, సీలు కారును, ఒక్కొక్కప్పుడు ఫ్లాంజి పగులును. మెకానిక్కు సీలు మార్చి పోవును. కారణము నిలిచియుండుటచే అది మరల కారును. ఆ వ్యయమంతయు పంచాయతీ నిధులపై పడును.

పరిశ్రమలలో ఈ విషయమును మిక్కిలి శ్రద్ధతో చూతురు. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము వంటి చోట్ల ఆవిరి వేడిమి సుమారు 540 డిగ్రీలుండును. అంతటి వేడికి 30 మీటర్ల ఉక్కు గొట్టము దాదాపు 20 సెంటీమీటర్లు సాగును. అందుచే ఇంజనీర్లు గొట్టములను తిన్నగా వేయక మలుపులు త్రిప్పి, స్ప్రింగులపై వ్రేలాడదీయుదురు. యంత్రము గొట్టమును మోయరాదనుట వారి నియమము. మన పంపులకును ఇదే వర్తించును.

పంచాయతీ సభ్యులు గమనింపవలసిన అంశములివి:

1. పొడవైన గొట్టమును తిన్నగా తెచ్చి పంపునకు తగిలింపరాదు. దారిలో ఒక మలుపు ఉండవలెను.

2. పంపు సమీపమున గొట్టమును కాంక్రీటు దిమ్మెకు బిగింపవలెను. దూరపు ఆధారములపై గొట్టము జారుటకు వీలుండవలెను.

3. వీలైనంతవరకు గొట్టమును సుమారు మీటరు లోతున పూడ్చవలెను. పి.వి.సి. ఎండకు సాగుటయే గాక క్రమముగా పెళుసెక్కును.

4. ఫ్లాంజి రంధ్రములు వాటంతట అవే ఎదురెదురుగా రావలెను. గడ్డపారతో లాగి బోల్టులు బిగించుట తగదు.

5. రబ్బరు జోడింపు వేసినచో ఇరువైపుల గొట్టమును కదలకుండ నిలుపవలెను. లేనిచో నీటి ఒత్తిడియే పంపును నెట్టును.

పాత పంపును పరీక్షించుట కష్టము కాదు. ఉదయపు చల్లదనమున ఫ్యూజు తీయించి, వాల్వు మూయించి, లోని ఒత్తిడి పోయిన పిమ్మట మెకానిక్కుచే ఫ్లాంజి బోల్టులు సడలింపజేయుడు. గొట్టము ప్రక్కకు తొలగినను, క్రిందికి వ్రాలినను, అంతవరకు దానిని పంపే మోయుచుండెనని గ్రహింపవలెను.

క్రొత్త పని బిల్లు మంజూరు చేయుటకు పూర్వమే ఈ అయిదు అంశములను గ్రామీణ నీటిసరఫరా ఇంజనీరుతో కలిసి చూచుకొనుడు. ఒక మలుపునకు, ఒక దిమ్మెకు అగు వ్యయము స్వల్పము. వేసవి నడుమ పంపు ఆగినచో ఊరికి కలుగు ఇబ్బంది అట్టిది కాదు.