ఐదేండ్ల పాపకు చైనీసు ట్యూషనా?

మా సంఘములోని ఒక తల్లి మొన్న ఇట్లడిగింది: "అయ్యగారూ, సింగపూరులో ఉన్న మా అబ్బాయి ఐదేండ్ల పాపకు చైనీసు ట్యూషను పెట్టిస్తానంటున్నాడు. అవసరమేనా?"

అక్కడి బడిలో ఇంగ్లీషుతోపాటు మాతృభాష ఒకటి చదవాలి. ఆరవ తరగతి చివరి పెద్ద పరీక్షలో అదీ ఉంటుంది. ఆ జాబితాలో తెలుగు లేదు. తమిళము, హిందీ ఉన్నవి. అనుమతి తీసుకొని చైనీసు చదివే మనవారూ ఉన్నారు.

ఆ భాషలో "మా" అను మాటకు స్వరము మారితే అమ్మ, గుర్రము, తిట్టు! ఇంట్లో చెప్పేవారు లేనప్పుడు సాయము కావలసిందే. అయితే ముందు హిందీయా, చైనీసా తేల్చుకొమ్మన్నాను. ఇప్పటికి చైనీసు పిల్లలతో ఆటలు చాలును. బడిలో చేరాక వెనుకబడితే అప్పుడు పెట్టించవచ్చును.

"పాప ఫోనులో నాతో ఇంగ్లీషే మాట్లాడుతుందయ్యా" అని ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొన్నది.