లుంబినీ బొగ్గు, శాక్యముని కాలం: రేడియోకార్బన్ చెప్పగలిగినది, చెప్పలేనిది

బుద్ధ భగవానుడు ఎనభై ఏళ్ల వయసులో కుశీనగరంలో మహాపరినిర్వాణం పొందాడన్న విషయంలో బౌద్ధ సంప్రదాయాలు ఏకీభవిస్తాయి. అది ఏ సంవత్సరమన్న చోటనే అవి విడిపోతాయి. థేరవాద దేశాలు పాటించే బుద్ధ శకం ప్రకారం అది క్రీ.పూ. 544–543. ఆ లెక్కనే 1956లో 2500వ బుద్ధ జయంతి భారతదేశంలోనూ వైభవంగా జరిగింది. సింహళ వంశకథలు పరినిర్వాణానికీ అశోకుని పట్టాభిషేకానికీ నడుమ 218 ఏళ్లు గడిచాయంటాయి. అశోకుడు తన పదమూడవ శిలాశాసనంలో పేర్కొన్న యవన రాజుల కాలాన్ని బట్టి ఆ పట్టాభిషేకం సుమారు క్రీ.పూ. 268 నాటిదని చరిత్రకారులు నిర్ణయించారు. దీనికి 218 కలిపితే పరినిర్వాణం క్రీ.పూ. 486 అవుతుంది. ఉత్తరాది సంప్రదాయానికి చెందిన సంస్కృత, చీనా, టిబెటన్ గ్రంథాలు అనేకం ఆ వ్యవధిని సుమారు నూరేళ్లకే పరిమితం చేస్తాయి. అప్పుడది క్రీ.పూ. 368కి దిగివస్తుంది. 1988లో జర్మనీలోని గోటింగెన్‌లో హైంజ్ బెషెర్ట్ ఈ ఒక్క ప్రశ్న మీదే అంతర్జాతీయ సదస్సు నిర్వహించాడు. పాల్గొన్న పండితులలో పలువురు క్రీ.పూ. 400 పరిసరాలకు మొగ్గారు గాని, ఏకాభిప్రాయం కుదరలేదు.

ఈ తేడా పంచాంగానికి సంబంధించినది మాత్రమే కాదు. బుద్ధ వచనం మౌఖికంగానే ఎన్ని తరాలు నడిచిన తరువాత అశోకుని శాసనాలు వెలువడ్డాయి? పరినిర్వాణం తరువాత నూరేళ్లకు జరిగిందని చెప్పే వైశాలి సంగీతికీ, అశోకుని కాలానికీ నడుమ శతాబ్దానికి మించిన ఎడం ఉందా, లేక ఆ రెండూ ఇంచుమించు ఒకే కాలానివా? నికాయ భేదాలు పుట్టడానికి ఎంత సమయం పట్టింది? ఇవన్నీ ఆ 118 ఏళ్ల మీదనే ఆధారపడి ఉన్నాయి. గ్రంథాలు తేల్చని దానిని మట్టి తేలుస్తుందన్న ఆశతోనే పండితులు పురావస్తు శాస్త్రం వైపు చూస్తున్నారు.

లుంబినీలో బయటపడినది

నేపాల్‌లోని లుంబినీ అశోక స్తంభం 1896లో వెలుగు చూసింది. పట్టాభిషిక్తుడైన ఇరవై ఏళ్లకు రాజు స్వయంగా వచ్చి ఇక్కడ పూజించాడనీ, శాక్యముని బుద్ధుడు ఇక్కడ జన్మించాడు కనుక శిలాస్తంభం నిలిపాడనీ, లుంబినీ గ్రామానికి పన్ను మినహాయించాడనీ దానిపై ఉన్న శాసనం తెలుపుతుంది. అంటే సుమారు క్రీ.పూ. 249 నాటికి ఇది జన్మస్థలంగా ప్రసిద్ధమన్న మాట. అంతకు ముందటి సంగతి ఆ శిల చెప్పదు.

2011 నుంచి 2013 వరకు మాయాదేవి ఆలయం లోపల యునెస్కో ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. డర్హమ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ కనింగ్‌హమ్, నేపాల్ పురావస్తు శాస్త్రవేత్త కోష్ ప్రసాద్ ఆచార్య వాటికి నాయకత్వం వహించారు. అశోకుని కాలపు ఇటుక కట్టడాల కింద అంతకంటె పాత ఇటుక పని కనిపించింది. దాని కింద కొయ్య కంబాలు పాతిన గుంటలు వరుసగా బయటపడ్డాయి. అవి నడుమనున్న ఖాళీ స్థలం చుట్టూ కంచెలా అమరి ఉన్నాయి. ఆ ఖాళీ స్థలం మీద పైకప్పు ఉన్న జాడ లేదు. అక్కడి మట్టిలో ఖనిజంగా మారిన చెట్టు వేళ్ల ఆనవాళ్లు మాత్రం దొరికాయి. వీటన్నిటినీ కలిపి చూసి, ఇది చెట్టును మధ్యనుంచుకొని కంచె కట్టిన వృక్షాలయమని పరిశోధకులు నిర్ణయించారు. కంబపు గుంటలలోని బొగ్గును రేడియోకార్బన్ పద్ధతిలోను, మట్టి రేణువులను దీప్తి పద్ధతిలోను పరీక్షించి, ఆ వృక్షాలయం క్రీ.పూ. ఆరవ శతాబ్దికి చెందుతుందన్నారు. ఈ నివేదిక 2013 డిసెంబరులో ‘యాంటిక్విటీ’ పత్రికలో వెలువడింది. బుద్ధుని కాలం రుజువైందని వార్తాపత్రికలు ప్రకటించాయి. ఆ ప్రకటన ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే బొగ్గు పనిచేసే తీరు తెలియాలి.

బొగ్గులోని గడియారం

విశ్వకిరణాలు వాతావరణంలోని నత్రజనిని తాకినప్పుడు కార్బన్-14 పుడుతుంది. చెట్లు దానిని గాలితోపాటు గ్రహిస్తాయి. చెట్టులోని కణజాలం గ్రహించడం మానిన క్షణం నుంచి అది తరుగుతూ, 5730 ఏళ్లలో సగమవుతుంది. మిగిలిన భాగాన్ని కొలిస్తే గడిచిన కాలం తెలుస్తుంది. ఈ సూత్రాన్ని 1949లో ఆచరణలో నిరూపించిన విలర్డ్ లిబీకి 1960లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రపంచమంతటా ప్రాక్ చరిత్ర అధ్యయనాన్ని ఈ పద్ధతి మార్చివేసింది. లిపి లేని సమాజాలకు కాలక్రమం ఏర్పడింది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిదదిబ్బ ఇందుకు దగ్గరి ఉదాహరణ. 1957లో రేమండ్ ఆల్చిన్ అక్కడ తవ్వకాలు జరిపి, అది నవీన శిలాయుగపు పశుపాలకులు పేడను కాల్చగా ఏర్పడిన దిబ్బ అని నిరూపించాడు. రేడియోకార్బన్ అది క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది నాటిదని తేల్చింది. అక్కడ నూరేళ్లు అటూ ఇటూ అయినా నిర్ణయం మారదు. శాక్యముని విషయంలో నూరేళ్లే అసలు ప్రశ్న.

లిబీ ఒక ఊహ చేశాడు: గాలిలోని కార్బన్-14 ఎల్లకాలమూ ఒకే మోతాదులో ఉంటుందని. వయసు తెలిసిన చెట్ల వలయాలను ఒక్కొక్కటిగా పరీక్షించినప్పుడు ఆ ఊహ సరికాదని తేలింది. సూర్యుని చర్యలోని హెచ్చుతగ్గులను బట్టి విశ్వకిరణాల రాక మారుతుంది, దానితో ఆ మోతాదూ మారుతుంది. అందుచేత ప్రయోగశాలలో వచ్చిన అంకెను వృక్ష వలయాల ఆధారంగా గీసిన సవరణ రేఖతో సరిచూసిన తరువాతనే క్యాలెండరు సంవత్సరంగా చెబుతారు.

ఆ రేఖలో ఎక్కువ భాగం వాలుగా ఉంటుంది. వాలు ఉన్నచోట ఒక అంకెకు కొద్ది సంవత్సరాలే సరిపోతాయి. క్రీ.పూ. 800 నుంచి 400 వరకు మాత్రం రేఖ దాదాపు చదునుగా సాగుతుంది. ఆస్ట్రియాలోని ఇనుపయుగపు స్థలం పేరిట దీనిని హాల్‌స్టాట్ పీఠభూమి అంటారు. ఇలా జరగడానికి కారణాన్ని దీపంతో పోల్చి చెప్పవచ్చు. ఒక దీపాన్ని నిండుగా నూనె పోసి ముందు వెలిగించారు. మరొక దీపాన్ని తక్కువ నూనెతో ఆలస్యంగా వెలిగించారు. ఇప్పుడు రెండింటిలోనూ నూనె ఒకే మట్టంలో ఉంది. మట్టాన్ని మాత్రమే చూసేవారికి ఏది ముందు వెలిగించినదో తెలియదు. క్రీ.పూ. 800 ప్రాంతంలో గాలిలో కార్బన్-14 పెరిగి, తరువాతి శతాబ్దాలలో మెల్లగా తగ్గింది. ముందు కాలపు చెట్టు ఎక్కువ మోతాదుతో మొదలై ఎక్కువ కాలం తరిగింది. తరువాతి చెట్టు తక్కువతో మొదలై తక్కువ కాలం తరిగింది. నేడు రెండూ ఒకే అంకె చూపుతాయి. ప్రయోగశాల 2450 ఏళ్ల రేడియోకార్బన్ వయసు చెప్పిన బొగ్గు సుమారు క్రీ.పూ. 750, 410ల నడుమ ఏ కాలానిదైనా కావచ్చు. యంత్రం ఎంత సూక్ష్మమైనదైనా ఈ సందిగ్ధం తొలగదు.

పై లెక్కల ప్రకారం బుద్ధుని జననం క్రీ.పూ. 566 గాని, 448 గాని కావాలి. రెండూ ఈ పీఠభూమి మీదనే ఉన్నాయి. గంగామైదాన నగరాలను గుర్తించడానికి ఆధారంగా వాడే ఉత్తరాది నల్లని మెరుగు పాత్రల కాలక్రమం కూడా చాలావరకు రేడియోకార్బన్ మీదనే నిలబడింది కనుక, ఈ సందిగ్ధం అక్కడికీ పాకుతుంది.

రెండవ సాక్ష్యం, దాని పరిమితి

లుంబినీలో దీప్తి పద్ధతిని జోడించడానికి కారణం ఇదే. ఇసుక రేణువు మట్టిలో పూడిపోయిన నాటి నుంచి చుట్టూ ఉన్న సహజ వికిరణ శక్తిని కొద్దికొద్దిగా కూడబెట్టుకుంటుంది. ఎండ తగిలితే ఆ నిల్వ చెరిగిపోతుంది. ప్రయోగశాలలో వెలుగు ప్రసరింపజేసినప్పుడు రేణువు వెలిగే తీవ్రతను బట్టి, అది చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో లెక్కిస్తారు. దీనికి హాల్‌స్టాట్ పీఠభూమి లేదు. అయితే సాధారణంగా నూటికి ఐదు నుంచి పది వరకు తేడా వస్తుంది. 2500 ఏళ్ల మట్టికి అది 125 నుంచి 250 ఏళ్లు. 118 ఏళ్ల వివాదాన్ని ఆ కొలబద్ద ఒంటరిగా తీర్చలేదు.

మరొక మెలకువ అవసరం. బొగ్గు తేదీ కట్టడం తేదీ కాదు, చెట్టు తేదీ. పెద్ద మాను నడిమి భాగపు కొయ్య, ఆ మానును నరికిన నాటికే నూరేళ్ల పాతది కావచ్చు. పాత కట్టడపు కంబాన్ని కొత్త కట్టడంలో వాడి ఉండవచ్చు. అందుకే ధాన్యపు గింజల వంటి, ఒక్క ఏడాదిలో పండి ముగిసే వాటిని పరిశోధకులు ఎక్కువ నమ్ముతారు.

అన్నిటికీ మించినది అర్థానికి సంబంధించిన ప్రశ్న. చెట్టు చుట్టూ కంచె కట్టి పూజించడం బుద్ధునికి ముందునుంచీ ఉన్న ఆచారం. చైత్య వృక్షాలను పాళీ గ్రంథాలే పేర్కొంటాయి. వృక్షాలయం నిజంగా ఆరవ శతాబ్దిదే అయి, బుద్ధుడు క్రీ.పూ. 448లో జన్మించి ఉంటే, ఆ కంచె ఆయన జన్మకు ముందే అక్కడ ఉన్నట్టు. బుద్ధుడు క్రీ.పూ. 566లో జన్మించాడని తేలినా, మొదటి కంబం పాతిన చేతులు ఎవరిని తలచుకున్నాయో గుంట చెప్పదు.

అలాగని లుంబినీ తవ్వకం ఫలితం తక్కువది కాదు. క్రీ.పూ. 400 తరువాత సవరణ రేఖ మళ్లీ కొంతకాలం నిటారుగా దిగుతుంది. అందువల్ల పీఠభూమి మీది కొయ్యను దాని తరువాతి కొయ్య నుంచి వేరు చేయవచ్చు. అశోకుడు ఈ పవిత్ర స్థలాన్ని కొత్తగా కల్పించలేదనీ, అప్పటికే తరాలుగా నిలిచి ఉన్న చోటికే వచ్చాడనీ లుంబినీ మట్టి చూపుతోంది. తరువాత కట్టిన ఇటుక గోడలు కూడా ఆ నడిమి ఖాళీని కప్పకుండా చుట్టూనే నడిచాయి. స్థల స్మృతి అవిచ్ఛిన్నంగా సాగిందనడానికి ఇది బలమైన సాక్ష్యం. బుద్ధుని జన్మ సంవత్సరానికి మాత్రం ఇది సాక్ష్యం కాదు. ఈ రెండింటినీ కలిపివేస్తే మొదటి దాని విలువ కూడా తగ్గుతుంది.

మిగిలిన పొరల విలువ

ఈ సందిగ్ధాన్ని దాటే మార్గం ఒక్క నమూనాలో లేదు, వరుసలో ఉంది. ఒకదానిపై ఒకటి పేరుకున్న పొరల నుంచి అనేక నమూనాలు తీసి, కింది పొర పై పొరకంటె పాతదన్న నియమాన్ని గణితంలో చేర్చితే, ఒక్కొక్క తేదీ వ్యవధి కుదించుకుపోతుంది. లెక్కించదగిన వలయాలున్న కొయ్య దొరికితే, వరుస వలయాల అంకెలను రేఖలోని ఒంపులతో జతపరచవచ్చు. రెండింటికీ కదలని పొరలు కావాలి.

ఆంధ్రదేశంలో ఆ పొరలు ఎలా పోయాయో అమరావతి చూపుతుంది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడి కాలంలో స్తూపాన్ని కట్టడపు సామగ్రి కోసం తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూశాడు. 1877లో రాబర్ట్ సూయెల్ కొంత భాగం తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో స్తూప స్థలమంతటినీ ఖాళీ చేయగా, నడుమ పెద్ద గొయ్యి మిగిలింది. శిల్పఫలకాలు మ్యూజియాలకు చేరాయి. వాటి కింద ఏ బొగ్గు ఏ పొరలో ఉండేదో చెప్పగలిగిన మట్టి చెదిరిపోయింది. ధాన్యకటకంలో ధర్మం ఎప్పుడు పాదుకొన్నదన్న ప్రశ్నకు ఆ గొయ్యి నుంచి ఇక సమాధానం రాదు. 1958–59లోను, 1973–75లోను జరిగిన తవ్వకాలు మిగిలిన అంచులనుంచే ఆధారాలు వెదకవలసి వచ్చింది.

నేడు ప్రాచీన విహారాల చెంత చేపట్టే పనులు చాలావరకు భక్తితో మొదలయ్యేవే: కొత్త ధ్యానమందిరానికి పునాది, ప్రదక్షిణ పథానికి రాతి పరుపు, తాగునీటి గొట్టానికి కాలువ. ఆ కాలువ లోతు మూడడుగులే కావచ్చు. అందులో తెగిపోయేది వెయ్యేళ్ల వరుస కావచ్చు. గునపం వేయడానికి ముందు పురావస్తు శాఖకు తెలపడం, పని ఆపి పొరల ఛాయాచిత్రం తీయించడం, బొగ్గు కనిపిస్తే చేతితో తాకక, ఏ పొరలో ఎంత లోతున ఉన్నదో రాసి నిపుణులకు అప్పగించడం భిక్షుసంఘానికి కష్టమైన పనులు కావు. లుంబినీలో ఆలయగర్భాన తవ్వకం సాగుతున్న రోజుల్లోనూ యాత్రికులూ భిక్షువులూ వచ్చి ధ్యానం చేసుకున్నారు. ఆరాధనా, పరిశోధనా ఒకే పైకప్పు కింద ఇమిడాయి.

శాక్యముని కాలం ఒకనాడు తేలవచ్చు. తేల్చగలిగిన గింజ, కొయ్య ఇంకా ఎవరూ తవ్వని ఏదో ఒక ఆరామం కింద ఉండవచ్చు. అంతవరకు దానిని ఉన్నచోట ఉండనివ్వడమే ఆ స్థలాలను కాపాడేవారి వంతు పని.