రేకుర్తికి పోయే బండి ఖర్చు ఎవరిది?

హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఏ అవ్వకైనా కంట్లో పొర వచ్చిందంటే మొదట వినిపించే పేరు రేకుర్తి. కరీంనగర్‌ను ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో లయన్స్ కంటి ఆసుపత్రి ఉంది. క్లబ్బులవాళ్లు శిబిరం పెట్టి, శుక్లం ముదిరినవాళ్లను బండెక్కించి అక్కడికి తోలుకపోతారు. లయన్స్ వాళ్ల సేవ ఏది కనబడినా ‘అమెరికా పైసలు’ అనేవాళ్లున్నారు, ‘సార్లు జేబులోంచి పెడతరు’ అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది.

ఎందుకంటే లయన్స్‌లో క్లబ్బు వేరు, నిధులిచ్చే ఫౌండేషన్ వేరు. లయన్స్ సంస్థ 1917లో అమెరికాలో పుట్టింది. 1925లో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభకు వచ్చి అంధుల కోసం నిలబడమని అడిగినప్పటి నుంచి చూపు వాళ్ల ముఖ్యమైన పని అయింది. ధర్మనిధిగా ఫౌండేషన్ ఏర్పడింది మాత్రం 1968లో. సభ్యులు కట్టే చందా దానికి పోదు. విడిగా ఇచ్చే విరాళాలే దాని ఆధారం. వెయ్యి డాలర్లు ఇచ్చినవారికి, లయన్స్ వ్యవస్థాపకుడి పేరిట, మెల్విన్ జోన్స్ ఫెలో అనే గౌరవం. మన ఫ్లెక్సీల మీద పేర్ల పక్కన కనిపించే ‘ఎం.జె.ఎఫ్.’ అదే, చదివి తెచ్చుకున్న డిగ్రీ కాదు.

ఇక నిధి బయటికి వచ్చే దారులు. వరదో తుపానో వచ్చి కనీసం వందమంది దెబ్బతింటే, లయన్స్ జిల్లా గవర్నర్ అడిగితే పదివేల డాలర్ల దాకా అత్యవసర సాయం అందుతుంది. ఇక్కడ జిల్లా అంటే కలెక్టర్ జిల్లా కాదు, క్లబ్బుల కూటమి; కరీంనగర్ ప్రాంతం 320-జి కిందికి వస్తుంది. క్లబ్బులు షరతులేమీ పెట్టకుండా ఇచ్చిన విరాళాల్లో 15 శాతం స్థానిక పనులకు తిరిగి తెచ్చుకునే వీలూ ఉంది. కంటి ఆసుపత్రుల విస్తరణకు, కంటి వైద్య శిక్షణకు 1990లో మొదలైన సైట్‌ఫస్ట్ అనే పథకం ప్రత్యేకం.

అసలు చూడాల్సింది మ్యాచింగ్ గ్రాంటు. పదివేల నుంచి లక్ష డాలర్ల దాకా ఇస్తారు, కానీ స్థానికులు తమ వాటా ముందు చూపించాలి. పైగా ఆ డబ్బు భవనానికో, యంత్రానికో, వాహనానికో. జీతాలకు, కరెంటు బిల్లుకు, డీజిల్‌కు రాదు. నా దృష్టిలో ఇది మంచి నియమమే. బయటి డబ్బుతో రోజువారీ ఖర్చు నడిచే సంస్థ, ఆ డబ్బు ఆగిన నాడే మూతపడుతుంది. కానీ దీనివల్ల బరువంతా క్లబ్బు మీద పడుతుంది. మైక్రోస్కోపు వచ్చాక దాని ముందు కూర్చునే డాక్టరు జీతం ఎవరివ్వాలి?

విదేశీ సొమ్ము కనుక మన చట్టం కూడా అడ్డు నిలిచి చూస్తుంది. ఎఫ్.సి.ఆర్.ఎ. అనే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉన్న సంస్థే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాలోకే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్మును ఇంకో సంస్థకు మళ్లించడానికీ లేదు. తీసుకున్నవారే ఖర్చుపెట్టి లెక్క చెప్పాలి.

మిగిలిన రోజువారీ ఖర్చు, అంటే మందులు, అద్దాలు, తోలుకపోయే బండికి డీజిల్, ఊళ్లోనే పుట్టాలి. నాయిన సంవత్సరీకానికో, బిడ్డ పుట్టినరోజుకో ఒక శిబిరం ఖర్చు రాయమని క్లబ్బు పెద్దలు షాపుల చుట్టూ తిరిగేది అందుకే.