టీవీ పంతులు

టీవీ పాఠాన్ని ఒక్కసారి తీస్తే చాలు, అది వంద ఇళ్లకు చేరినా కోటి ఇళ్లకు చేరినా ఖర్చు పెద్దగా మారదు. ఊరు ఎంత మారుమూలదైనా, బడిలో లెక్కల మాస్టారి పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా, డిష్ బిగించిన ఇంటికి పాఠం అందుతుంది. లోపమల్లా ఒకటే. టీవీకి నోరుంది గానీ చెవుల్లేవు. ఎదురుగా కూర్చున్న పిల్లకు అర్థమైందో లేదో, అసలు ఎదురుగా ఎవరైనా ఉన్నారో లేదో దానికి తెలియదు. విద్యార్థుల కోసం టీవీ కార్యక్రమాలు తీసినవాళ్లు ఇన్నేళ్లుగా చేసిన ప్రయోగాల్లో చాలా భాగం ఈ లోటు పూడ్చడానికి చేసినవే.

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. 1961 నుంచే అక్కడి ఉన్నత పాఠశాలల కోసం పాఠాలు ప్రసారమయ్యాయి. మొదటి సీరియల్ ‘హమ్ లోగ్’ వచ్చింది 1984లో. అంటే భారతీయ టీవీ కథలు చెప్పడం కన్నా ఇరవై ఏళ్లకు పైగా ముందే పాఠాలు చెప్పింది. కాకపోతే అప్పట్లో ఇళ్లలో టీవీలు అరుదు. పాఠాన్ని బడిలోనే, టీచరు పక్కనుండగా చూసేవారు. కాబట్టి చెవుల సమస్య అప్పటికింకా ఎదురు కాలేదు.

టీవీ పెద్ద ఎత్తున పల్లెలకు చేరింది 1975 ఆగస్టు 1న. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు భారత్‌కు అందుబాటులో ఉంచింది. దాని సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ ప్రయోగానికి ‘సైట్’ అని పేరు. ఊరికొక టీవీ, దానికి ఇనుప తీగల వలతో అల్లిన మూడు మీటర్ల వెడల్పు డిష్. కరెంటు లేని కొన్ని ఊళ్లలో టీవీలను బ్యాటరీల మీద నడిపారు. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, వినోదం. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి. అయితే హైదరాబాద్ నగరానికి సొంత దూరదర్శన్ ప్రసారాలు 1977లో గానీ రాలేదు. ఈ విషయంలో పల్లె పిల్లలు పట్నం పిల్లల కన్నా ముందున్నారు. 

సైట్ నిర్వాహకులు ఇంకో మంచి పని చేశారు. పిల్లలకు పాఠాలు చెప్పడంతో ఆగకుండా, అవే టీవీల ద్వారా ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. దాదాపు యాభై వేల మంది దాన్ని అందుకున్నారు. తెర చెప్పిన దాన్ని విడమరిచేందుకు, పిల్లల ప్రశ్నలు వినేందుకు పక్కన ఒక మనిషి కావాలన్న గ్రహింపు అప్పటికే ఉంది. ఒప్పందం ప్రకారం 1976 జులై 31న ప్రయోగం ముగిసి, ఉపగ్రహం వెళ్లిపోయింది.

ఆ తరువాత ఇన్‌శాట్ ఉపగ్రహాలు వచ్చాయి. 1980లలో తెలుగుతో కలిపి అయిదు భాషల్లో పిల్లల పాఠాలు దూరదర్శన్‌లో ప్రసారమయ్యాయి. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఒక వరస, తొమ్మిది నుంచి పదకొండేళ్ల వారికి మరో వరస. వీటి తయారీకి ఢిల్లీలో కేంద్ర విద్యా సాంకేతిక సంస్థ, హైదరాబాద్‌తో పాటు మరికొన్ని నగరాల్లో రాష్ట్ర సంస్థలు ఏర్పడ్డాయి. కాలేజీ విద్యార్థుల కోసం యూజీసీ 1984 ఆగస్టు 15న ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ప్రారంభించింది. పేరు దేశమంతటిదే అయినా భాష ఎక్కువగా ఇంగ్లీషు. పల్లె నుంచి వచ్చి తెలుగు మీడియంలో డిగ్రీ చదివే కుర్రాడికి ఆ తరగతి గది తలుపు ఓరగా మాత్రమే తెరుచుకుంది.

1990లలో దూరదర్శన్‌లో వచ్చిన ‘టర్నింగ్ పాయింట్’ సైన్సు కార్యక్రమానికి మాత్రం చెవులు మొలిచాయి. నటుడు గిరీశ్ కర్నాడ్ నడిపిన ఆ కార్యక్రమానికి పిల్లలు ఉత్తరాలు రాస్తే, ప్రొఫెసర్ యశ్‌పాల్ తెర మీద జవాబులు చెప్పేవారు. సైట్ నడిచిన కాలంలో అహ్మదాబాద్‌లోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రానికి డైరెక్టరు కూడా ఆయనే. ఆ రోజుల్లో ప్రశ్న పోస్టులో వెళ్లి, జవాబు ఎప్పటికో టీవీలో వచ్చేది. అయినా ఆ చిన్న సంభాషణ వల్లే ఆ కార్యక్రమం ఒక తరానికి గుర్తుండిపోయింది.

చెవుల కోసం ఉపగ్రహమే పంపిన సందర్భం కూడా ఉంది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్టు 1,950 కిలోల ఎడ్యుశాట్‌ను కక్ష్యలోకి చేర్చింది. కేవలం చదువు కోసం మన దేశం ప్రయోగించిన మొదటి ఉపగ్రహం అది. తగిన పరికరాలున్న తరగతి గదుల్లో విద్యార్థులు అడిగితే స్టూడియోలోని అధ్యాపకుడు వినే ఏర్పాటు దీనితో వచ్చింది. అయితే ఆ పరికరాలు బళ్లకు, కాలేజీలకే గానీ ఇళ్లకు కావు. 2010లో ఎడ్యుశాట్ సేవలు ముగిశాయి. దాని ఆధారంగా 2005లో కేరళలో మొదలైన విక్టర్స్ ఛానల్ మాత్రం నిలిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పని ‘మన టీవీ’ చేసేది. తెలంగాణలో ఇప్పుడు టీశాట్ ఆధ్వర్యంలో ‘నిపుణ’, ‘విద్య’ అనే రెండు ఛానళ్లు నడుస్తున్నాయి. బడి పాఠాలతో పాటు పోటీ పరీక్షల శిక్షణ కూడా వీటిలో వస్తుంది. కోచింగ్ సెంటర్ల ఫీజులు కట్టలేని ఉద్యోగార్థులు వీటిని బాగా చూస్తారు.

దేశవ్యాప్తంగా ఇంటి కోసమే వచ్చిన పెద్ద ఏర్పాటు 2017 జులైలో మొదలైన స్వయంప్రభ. మొదట 32 ఛానళ్లు. రోజుకు కనీసం నాలుగు గంటల కొత్త పాఠం ప్రసారం చేసి, దాన్నే అదే రోజు మరో అయిదుసార్లు వేస్తారు. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు. పొద్దున బడిలో ఉన్నవాడు సాయంత్రం, పగలు పనికి వెళ్లే డిగ్రీ విద్యార్థి రాత్రి పదకొండింటికి అదే పాఠాన్ని చూడవచ్చు. చూసేవాడి వీలు తెలుసుకోలేని టీవీ, అన్ని వేళల్లోనూ సిద్ధంగా ఉండి ఆ లోటు కొంత తీర్చుకుంటుంది. 2020 మే నెలలో కేంద్రం పీఎం ఈ-విద్య కింద ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా తరగతికొక ఛానల్ ప్రకటించింది. 2022 బడ్జెట్‌లో ఆ పన్నెండింటిని రెండు వందలకు పెంచుతామని చెప్పారు. రాష్ట్రాలు తమ భాషల్లో అదనపు పాఠాలు ఇచ్చేందుకు ఈ పెంపును ఉద్దేశించారు.

టీవీ పాఠానికి అసలు పరీక్ష కరోనా ఏడాది వచ్చింది. 2020లో బళ్లు మూతపడగానే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం, విద్యావారధి పేర్లతో పాఠాలు వేసింది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా తరగతులు మొదలయ్యాయి. కేరళ జూన్ 1నే విక్టర్స్‌లో ‘ఫస్ట్ బెల్’ మోగించింది. ఒక టీచరు రెండు పిల్లుల కథతో ఒకటో తరగతి పాఠం చెబితే పిల్లలే కాదు, పెద్దలూ మళ్లీ మళ్లీ చూశారు. ఎదురుగా పిల్లలు లేకపోయినా ఉన్నట్టే పలకరించి, ప్రశ్న వేసి, జవాబు విన్నట్టు తలూపడం ఆ పాఠంలోని కిటుకు.

ఆ ఏడాది బయటపడ్డ ఇబ్బందులు మాత్రం ఇంజనీర్లు ఊహించినవి కావు. సిగ్నల్ బాగానే అందింది. ఇంట్లో టీవీ ఒకటే, పిల్లలు ఇద్దరు, ఇద్దరి తరగతులు వేరు. అక్క పాఠానికీ తమ్ముడి పాఠానికీ మధ్య రిమోట్ పంచాయితీ. పాఠం సమయానికే కరెంటు పోతే ఆ రోజుకు అంతే. అసలు టీవీ లేని ఇళ్ల పిల్లల కోసం కేరళలో గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో చూసే ఏర్పాట్లు చేశారు. తెలంగాణలో పాఠం చూశారా లేదా అని ఉపాధ్యాయులు ఫోన్లు చేసి కనుక్కున్నారు, వర్క్‌షీట్లు చేయించారు. టీవీ వినలేనిది టీచరు ఫోనులో విన్నాడు. ఈ ఫోను అందని పిల్లలకు తెర మీది పాఠం చాలాసార్లు తెర మీదే ఉండిపోయింది.

ఆ హడావిడిలో తీసిన పాఠాల్లో చాలావాటికి మరో జబ్బు కూడా ఉంది. నల్లబల్ల ముందు మాస్టారు నిలబడి అరగంట మాట్లాడితే కెమెరా దాన్ని పట్టింది. బడిలో ఆ అరగంట నడిచేది ఆయన మధ్యలో ఆగి ఎవరినో లేపి అడగడం వల్ల. ఆ ఆగడాన్ని తీసేస్తే మిగిలేది ఉపన్యాసం. టీవీకి తగిన పాఠం ఎలా ఉండాలో చాలాకాలం కిందటే తేలిన విషయం.

అమెరికాలో 1969 నవంబరులో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు అక్షరాలు, అంకెలు నేర్పడానికి పుట్టింది. దాని పరిశోధన విభాగం అధిపతి ఎడ్వర్డ్ పామర్ ఒక విచిత్రమైన పరీక్ష పెట్టాడు. టీవీ పక్కనే ఇంకో తెర మీద ఏడున్నర సెకన్లకొకసారి మారే స్లైడు బొమ్మలు వేసేవాడు. పిల్ల చూపు ఎప్పుడు టీవీ వదిలి స్లైడు మీదికి పోతుందో రాసుకునేవారు. ఎక్కడ చూపు తప్పిందో అక్కడ కార్యక్రమాన్ని మార్చేవారు. ప్రసారమయ్యాక వినలేని టీవీకి ప్రసారానికి ముందే పిల్లల మాట వినిపించే ఉపాయం ఇది. మన విద్యా ఛానళ్లు అన్నిటికన్నా ఎక్కువగా నేర్చుకోవాల్సిందీ, తక్కువగా నేర్చుకున్నదీ ఇదే.

1996లో వచ్చిన ‘బ్లూస్ క్లూస్’ మరో అడుగు ముందుకు వేసింది. తెర మీది మనిషి ప్రశ్న వేసి, చూసే పిల్ల జవాబు చెప్పేంతసేపు నిజంగానే మౌనంగా ఆగేవాడు. వారమంతా, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒకే భాగాన్ని వేసేవారు. పెద్దలకు విసుగు పుట్టవచ్చు గానీ, పిల్లలు నాలుగోసారికి మొదటిసారి కన్నా గట్టిగా జవాబులు అరిచారు. చిన్నపిల్లలు చూసిన కథే మళ్లీ చూడాలనడంలో వింతేమీ లేదు. అర్థం కావడం ఆ మళ్లీ చూడడంలోనే జరుగుతుంది.

పెద్ద పిల్లల ఇబ్బంది వేరు. 1980లలో గావ్రియేల్ సాలొమన్ అనే పరిశోధకుడు ఆరో తరగతి పిల్లలను పరిశీలించాడు. పుస్తకం కష్టం, టీవీ తేలిక అని వాళ్లు ముందే అనుకుంటారు. అలా అనుకోవడం వల్ల టీవీ ముందు బుర్రకు పని తక్కువ చెబుతారు, తక్కువ నేర్చుకుంటారు. చూసేది నేర్చుకోవడానికని ముందే చెబితే శ్రద్ధ పెరుగుతుంది. సోఫాలో పడుకుని చూసిన పాఠానికీ, నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూసిన పాఠానికీ ఉన్న తేడా ఇది.

టీవీ పాఠాన్నీ, పక్కన టీచరునీ కలిపి ఒక దేశం ఏకంగా బళ్లే పెట్టింది. మెక్సికోలో 1968లో మొదలైన టెలిసెకుందారియా బళ్లు మారుమూల పల్లెల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. ప్రతి సబ్జెక్టుకు ఒక టీచరును పంపలేక అన్ని సబ్జెక్టులకూ ఒక్కరినే ఉంచి, పాఠాన్ని టీవీలో పంపారు. పిల్లలు పావుగంట ప్రసారం చూస్తారు. ఆ పీరియడులో మిగిలిన అరగంటకు పైగా ఆ టీచరుతో మాట్లాడుతూ, పుస్తకంలో లెక్కలు చేస్తూ గడుపుతారు.

ఇంట్లోనూ ఈ పాళ్లే బాగా పనిచేస్తాయి. పాఠం పావుగంట, దాని మీద పని అరగంట. అమ్మకో నాన్నకో ఆ సబ్జెక్టు తెలియాల్సిన పని లేదు. పాఠం అయ్యాక ‘ఏం చెప్పారో నాకు చెప్పు’ అని అడిగి కూర్చుని వింటే చాలు. తడబడిన చోటే పిల్లకు అర్థం కాలేదని తెలిసిపోతుంది. స్వయంప్రభ తరహా ఛానళ్లలో అదే పాఠం మళ్లీ ఎప్పుడొస్తుందో చూసి, ఆ ముక్క మళ్లీ చూపించవచ్చు. మరీ చిన్నపిల్లల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రెండేళ్ల లోపు పిల్లలు తెర నుంచి నేర్చుకునేది మనిషి దగ్గర నేర్చుకునే దాని కన్నా బాగా తక్కువ. ఏడాది పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. విద్యా కార్యక్రమమైనా ఆ లెక్కలోకే వస్తుంది.

యూట్యూబ్ ఉండగా టీవీ ఎందుకన్న ప్రశ్న సహజం. ఫోనులో పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి చూడవచ్చు, అది పెద్ద సౌకర్యమే. కానీ ఫోనుకు డేటా కావాలి, చాలా ఇళ్లలో ఆ ఫోను నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది. పాఠం పక్కనే రీల్స్ కాచుకుని ఉంటాయి. టీవీలో పాఠం అయ్యాక వచ్చేది ఇంకో పాఠమే.

స్వయంప్రభ, పీఎం ఈ-విద్య ఛానళ్లు దూరదర్శన్ ఫ్రీ డిష్‌లో వస్తాయి. డిష్, సెట్‌టాప్ బాక్సు ఒకసారి కొంటే నెలనెలా కట్టేదేమీ ఉండదు. ఇంట్లో ఫ్రీ డిష్ ఉన్నా ఈ ఛానళ్లు కనిపించకపోతే రిమోట్‌తో ఛానళ్లను ఒకసారి మళ్లీ వెతికించండి. మీ పిల్ల తరగతి ఛానల్ నంబరు, పాఠాల వేళలు ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి.