పొయ్యివెనుకటి యినుపపలక

ఆదివారమునాడు ఆబిడ్సులో మూసిన అంగళ్ల ముంగిట పాతపుస్తకములు పరచి అమ్ముదురు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని కొలువునందుండిన ఆల్బర్ట్ ఆబిద్ ఇచ్చట అంగడి పెట్టుటచేతనే ఈ చోటి కా పేరు వచ్చినది. మొన్న మేమచ్చట ఆంగ్లదేశపు పల్లెమేడల బొమ్మల పుస్తకమొకటి కొంటిమి. మేడలకంటె మమ్మాకర్షించినది పొయ్యివెనుక గోడకానించిన నల్లని యినుపపలక.

అది చలిదేశము. గది గోడలోనే పొగగొట్టముతో పొయ్యిగూడు కట్టుదురు. కట్టెలమంటకు వెనుకటి గోడ పాడుగాకుండ ఈ పోతయినుపపలకను నిలుపుదురు. అది వేడిని గ్రహించి గదిలోనికి మరల్చును. మంట చల్లారిన పిమ్మటను కొంతతడవు వెచ్చదన మిచ్చును.

దీనిని చేయువిధము వినుడు. తడియిసుకను చదునుచేసి, అందు కొయ్యపలక నదిమి, ఆ గుంటలో పూవుల, లంగరుల అచ్చులొత్తి కరిగిన యినుమును పోయుదురు. త్రాటిముక్క నదిమి అంచు తీర్చుటయు కలదు. చూచుటకు మన కజ్జికాయ అంచువలెనే యుండును! 16, 17 శతాబ్దములందు ససెక్సు, కెంటు అడవిసీమలలో ఈ పని ముమ్మరముగ సాగెను. రాజచిహ్నముల పలకలు పెక్కు గలవు గాని, 1636లో బ్రీడు కొలిమియందు రిచర్డ్ లెనార్డ్ అను పోతపనివాడు తన రూపమును, పనిముట్లను, కుక్కను గూడ నిలిపిన పలకయే మాకు ప్రియము.

నేలబొగ్గు కుంపట్లు వచ్చినపిదప వీని యవసరము తగ్గెను. ఇప్పుడు పాతవానికి వెల హెచ్చుటచే నకళ్లును పుట్టినవి. పాతపలకనే అచ్చుగ నొత్తి పోసినచో, ఇనుము చల్లారునప్పుడు నూటికి ఒకపాలు కుదించును గనుక, నకలు కొంచెము చిన్నదగును, గీతలును మొద్దువారును.

ఇది చదువుచుండగా మా మనసు కలుక్కుమన్నది. గ్యాసుపొయ్యి వచ్చిన యేట, మా యత్తగారి అట్లపెనమును మేము తూకమునకు అమ్మివేసితిమి. అట్లతద్దినాడు ఆమె, “అమ్మాయీ, మా యమ్మ యిచ్చిన పెనమేదీ?” యని యడిగిరి. మేము తలవంచుకొంటిమి. కొన్న బండివాడు నాంపల్లి స్టేషను వైపు తిరుగునని విని రెండుదినములు వెదకితిమి. వాడు కనబడెను, పెనము మాత్రము ఆనాడే కొలిమికి పోయెనట. అత్తగారు మరల అడుగలేదు. దానితోడి అట్లకాడ యింట మిగిలినది. నూనె రాచి ఆమె చేతికిచ్చితిమి.