చంటిబిడ్డ పగటి నిద్ర

పగలు నిద్రింపని బిడ్డ రాత్రి ఒళ్లెరుగక నిద్రించునని పలు ఇండ్లలో నమ్మకము. మేమును తొలిచూలు బిడ్డను అట్లే మేలుకొలిపి ఉంచి, ఇంటిల్లిపాదికిని జాగరణ తెచ్చిపెట్టితిమి. అలసట మీరిన బిడ్డకు నిద్ర పట్టదు గదా! 4 నుండి 11 నెలల శిశువునకు పగటి కునుకులతో కలిపి దినమునకు 12 నుండి 16 గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది.

మూడవ నెల వరకు గడియారము చూచి లాభము లేదు. రేయింబవళ్ల భేదము శిశువునకు సుమారు అప్పటికిగాని కుదురుకొనదు. ఆవులింత, కన్నులు నులుముకొనుట, ఊరక చిరాకు పడుట చూచి ఎత్తుకొనవలెను. పిమ్మట పాలు, జోలపాట ప్రతిదినము అదే వరుసన జరిపి, రెప్పలు వాలుచుండగనే పరుండబెట్టుడు. ఒడిలోనే జోకొట్టిన చీర ఉయ్యాల కంటె గట్టి, చదునైన పరుపే క్షేమము. తలగడ, బొంత తీసివేసి వెల్లకిల పడుకొనబెట్టవలెను. పగటి కునుకునకై రేడియో కట్టివేయనక్కరలేదు, స్వరము తగ్గించిన చాలును.